రాత్రిపూట ఊపిరి పీల్చే మొక్కలు

నీటిని ఆకులోనో, కాండంలోనో, దుంపలోనో దాచుకుని ఎండాకాలాన్ని గట్టెక్కే మొక్కలను సక్యులెంట్లు అంటారు. ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి కావు. కాక్టస్‌లు, కలబందలు, రణపాల జాతి, పాలుగారే జెముళ్లు, జిల్లేడు కుటుంబంలోని కొన్ని తీగలు, ఇలా వేర్వేరు వంశాల మొక్కలు నీటి ఎద్దడిని ఒకే ఉపాయంతో ఎదుర్కొన్నాయి. తెలుగు ఇళ్లకు వీటితో పాత పరిచయమే. దిష్టి తగలకుండా గుమ్మానికి తలకిందులుగా కట్టిన కలబంద మట్టీ నీరూ లేకుండా నెలల తరబడి పచ్చగా ఉంటుంది, ఒక్కోసారి పూలగెల కూడా వేస్తుంది. లేత నల్లేరు కాడలు పచ్చడికి పనికొస్తాయి. చేల గట్ల మీద జెముళ్లే కంచె. అయితే వీటిని పూల కోసం కుండీల్లో, అదీ ఇంటి లోపలా వసారాలోనూ పెంచడం మాత్రం ఈ మధ్య పెరిగిన ముచ్చట.

ఈ ముచ్చటకు పెద్ద అడ్డంకి ఒక అపోహ. కండగల మొక్కలన్నీ ఎడారి మొక్కలేనని, మండుటెండ ఉంటే చాలునని చాలామంది అనుకుంటారు. ఉదాహరణకు, తూర్పు కనుమల్లోని అరకులోయలో ఆ లెక్క కుదరదు. లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. జూన్ నుంచి అక్టోబరు దాకా వాన, ఆ తర్వాత మంచు, పొగమంచు. శీతాకాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగుతుంది. చింతపల్లి వైపు లంబసింగిలో ఇంకా కిందికి పోతుంది. విశాఖలో మేడ మీద హాయిగా బతికే అడీనియం అరకులో ఒక్క వానాకాలానికే దుంప కుళ్లి చచ్చిపోవచ్చు. విశాఖ ఉక్కకు మొగ్గ కూడా తొడగని క్రిస్మస్ కాక్టస్ అరకులో డిసెంబరులో కుండీ నిండా పూస్తుంది. ఏ మొక్క ఎలాంటి కొండ మీద, ఎలాంటి నేలలో పుట్టిందో తెలుసుకుంటే పెంపకం సగం తెలిసినట్టే.

ఈ మొక్కల గుట్టు చాలావరకు రాత్రివేళ ఉంది. మామూలు మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడును తీసుకుంటాయి. ఆ తెరిచిన రంధ్రాల గుండానే నీరు ఆవిరైపోతుంది. చాలా సక్యులెంట్లు పగలు రంధ్రాలు మూసుకుని, చల్లబడిన తర్వాత రాత్రి తెరుస్తాయి. అప్పుడు పీల్చిన వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లో దాచుకుంటాయి. తెల్లవారి ఎండ రాగానే ఆ ఆమ్లాన్ని విడగొట్టి, లోపలే విడుదలైన వాయువుతో ఆహారం తయారుచేసుకుంటాయి. అందువల్ల తెల్లవారుజామున ఆకు పుల్లగా ఉంటుంది, పొద్దెక్కే కొద్దీ ఆ పులుపు పోతుంది.

ఈ తేడాను పట్టుకుని రాసిన మనిషికి తెలుగు నేలతో సంబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1793లో సామర్లకోట తోట వదిలి కలకత్తా వెళ్లాక ఆ బాధ్యత చేపట్టినవాడు బెంజమిన్ హైనె. రణపాల ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని ఆయన 1813 నాటి ఒక లేఖలో రాశాడు. లండన్‌లోని లిన్నియన్ సొసైటీ దాన్ని 1815లో అచ్చువేసింది. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో క్రాసులేసియన్ ఆసిడ్ మెటబాలిజం అన్న పేరుతో చదువుకునే ప్రక్రియ చరిత్రలో ఆ లేఖకు మొదటి వరుసలో చోటుంది. పరికరం ఏదీ లేకుండా, నాలుకతో రుచి చూసి, వేళను గుర్తుపెట్టుకుని సాధించిన పరిశీలన అది.

కొండ ఇంట్లో మొక్కలు పెంచేవారికి ఈ సంగతి నేరుగా పనికొస్తుంది. చల్లని రాత్రి ఈ మొక్కలకు మేలే చేస్తుంది, రంధ్రాలు తెరిచినప్పుడు నీటి నష్టం తగ్గుతుంది. చెరుపు చేసేది చలీ తడీ కలిసి రావడం. పది డిగ్రీల చలిని పొడిమట్టిలో ఉన్న మొక్క తట్టుకుంటుంది, అదే చలికి తడిమట్టిలో వేరు కుళ్లుతుంది. కాబట్టి అరకులో సక్యులెంటుకు మొదట వెతకవలసింది చూరు. వాన పడని, గాలి ఆడే, ఉదయపు ఎండ మూడు నాలుగు గంటలు తగిలే తూర్పు వసారా అన్నిటికన్నా మంచి చోటు. నీళ్లు పొద్దున పోయాలి. సాయంత్రం పోస్తే కాండం మొదలు రాత్రంతా మంచులో తడిగా ఉండిపోతుంది. వానాకాలంలో గాలిలోనే తేమ ఉంటుంది గనుక మట్టి లోతుగా ఆరేదాకా ఆగాలి. డిసెంబరు, జనవరి నెలల్లో చాలా కుండీలకు రెండు మూడు వారాలకు ఒకసారి నీరు చాలు.

మట్టి విషయంలో పొరపాటు జరిగితే మిగిలిన జాగ్రత్తలేవీ కాపాడలేవు. లోయలోని ఎర్రమట్టి కుండీలో రెండు నెలలకే గట్టిపడి నీటిని నిలబెడుతుంది. దానికి సమానంగా ముతక ఇసుక, మరో సమపాలు ఇటుక రవ్వ, గుప్పెడు కట్టెబొగ్గు ముక్కలు కలపాలి. విరిగిన పెంకు ముక్కలు కుండీ అడుగు రంధ్రం మీద బోర్లించాలి. పోసిన నీరు చూస్తుండగానే అడుగు నుంచి కారిపోవాలి. ప్లాస్టిక్ కుండీకన్నా మట్టికుండ మేలు, అది పక్కల నుంచీ ఆరుతుంది.

తూర్పు కనుమల సొంత సక్యులెంట్లలో పూలకోసం మొదట చెప్పుకోవలసింది కుందేటి కొమ్ములు. తడి అడవి దీనికి పడదు. కనుమల పొడి వాలుల్లో, రాయలసీమ గుట్టల్లో, బండరాళ్ల సందుల్లో, ముళ్ల పొదల నీడలో పెరుగుతుంది. ఆకులు పేరుకే ఉంటాయి, మొలిచిన వెంటనే రాలిపోతాయి. నాలుగు పలకల బూడిదాకుపచ్చ కాడలు నిటారుగా లేచి కొసకు సన్నబడతాయి. వేసవిలో చూస్తే అవి ఎండిన పుల్లల్లా కనిపిస్తాయి. నాలుగు వానలు పడి కాడ ఉబ్బాక, సన్నబడిన కొస పొడవునా చిన్న చిన్న మొగ్గలు వేలాడతాయి. విచ్చిన పువ్వు వేలిగోరంతే ఉంటుంది. దగ్గరికి తెచ్చుకుని చూస్తే అయిదు రెక్కల మీద ఊదాగోధుమ రంగు, దానిపై లేతపసుపు అడ్డచారలు, రెక్కల అంచున గాలి తగిలితే కదిలే సన్నని వెంట్రుకలు. ఆ కదలికకూ వాసనకూ ఈగలు వస్తాయి, పరాగాన్ని మోసేవి అవే.

రాక్స్‌బర్గ్ ఈ మొక్కను 'ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కోరమాండల్' మొదటి సంపుటంలో 1795లో బొమ్మతో సహా వర్ణించాడు. స్థానిక చిత్రకారులు గీసిన 300 బొమ్మలతో 1820 నాటికి మూడు సంపుటాలుగా పూర్తయిన గ్రంథమది. తెలుగువారు దీన్ని కారల్లం అంటారని ఆయన రాసుకున్నాడు. తర్వాత వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ ఆ పేరునే తీసుకుని కారల్లూమా అన్న ప్రజాతిని ఏర్పరచాడు. ఆఫ్రికా నుంచి అరేబియా దాకా ఉన్న ఎన్నో మొక్కలకు ఆ తెలుగు పేరు అంటింది. 2017లో కొందరు శాస్త్రవేత్తలు ఈ ప్రజాతిని సీరోపీజియా అనే మరో ప్రజాతిలో కలిపివేయాలని ప్రతిపాదించారు. నర్సరీల్లో, తోట పెంపకందారుల మాటల్లో మాత్రం పాత పేరే నడుస్తోంది.

కుందేటి కొమ్ములకు దగ్గరి చుట్టం కారల్లూమా అంబెల్లేటా. దీని కాడలు లావు, పూలు కాడ చివర బంతిలా గుత్తికట్టి పూస్తాయి. అందంగానే ఉంటాయి గాని కుళ్లిన మాంసం వాసన వేస్తాయి. పూసే రోజుల్లో కుండీని కిటికీ బయట పెట్టుకోవాలి. రెండింటి పెంపకమూ ఒకటే. తక్కువ లోతు, ఎక్కువ వెడల్పు ఉన్న కుండ, సగం ఎండ, సగం నీడ. అరకులో వీటిని వానలో ఒక్క వారం ఉంచినా కాడ మొదట్లో నల్లమచ్చ పడుతుంది. మచ్చ కనిపించగానే పై భాగాన్ని పచ్చగా ఉన్న చోట కోసి, వారం రోజులు నీడలో ఆరబెట్టి, పొడి ఇసుకలో గుచ్చితే మొక్క దక్కుతుంది.

కొండ ప్రాంతాల్లోనూ మెట్టసీమలోనూ కుందేటి కొమ్ముల లేతకాడలను పచ్చిగా నమిలి ఆకలి, దప్పిక ఆపుకోవడం పాత అలవాటు. ఆ అలవాటు ఆధారంగానే దీని సారాన్ని ఆకలి తగ్గించే గుళికలుగా చేసి అమ్మే వ్యాపారం పుట్టింది. పొదల కింద నిదానంగా పెరిగే మొక్కను బస్తాలకొద్దీ పీకితే అది మళ్లీ తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఇంట్లో పెంచుకునేవారు కూడా కొండ మీద పెళ్లగించి తేవడం తప్పు. ఒక కుండీ మొక్క నుంచి ఏడాదికి పది ముక్కలు నాటుకోగలిగినప్పుడు కొండ మీది గుబురును పీకవలసిన అవసరం ఎవరికీ లేదు.

తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసిన, అందరూ ఎదురుచూసే సక్యులెంటు పువ్వు వేరే ఉంది. అది బ్రహ్మకమలం. వానాకాలం వచ్చిందంటే ఫలానా ఇంట్లో ఒకే రాత్రి ఇన్ని పూలు పూశాయని పత్రికల జిల్లా పేజీల్లో వార్తలు వస్తాయి, ఇరుగుపొరుగు వచ్చి హారతులిస్తారు. హిమాలయాల్లో పూసే అసలు బ్రహ్మకమలం పొద్దుతిరుగుడు కుటుంబానిది, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. మన ఇళ్లలో పూసేది ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్ అనే కాక్టస్. మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల కొమ్మలను పట్టుకుని పెరుగుతుంది. మన కంటికి ఆకుల్లా కనిపించే బల్లపరుపు పట్టీలు దాని కాండాలే. ముళ్లుండవు. అడవి నీడలో, తేమలో, చెట్టు బెరడు మీద పుట్టిన ఈ కాక్టస్‌ను ఎడారి మొక్క అనుకుని ఎండలో పెడితే పట్టీలు పసుపురంగుకు తిరిగి మాడిపోతాయి.

దీని పూత చూడవలసిన ముచ్చట. పట్టీ అంచున ఉండే గంటులో బియ్యపుగింజంత ఎర్రని మొన మొదట కనిపిస్తుంది. మూడు నాలుగు వారాల్లో అది జానెడు కాడగా సాగి, కిందికి వేలాడుతుంది. పూసే రోజు దగ్గరపడగానే మెడ పైకి వంచుతుంది, మొగ్గ బరువెక్కి కొస తెల్లబడుతుంది. ఆ సాయంత్రం చీకటిపడ్డాక మొగ్గ కొసలో చిన్న సందు ఏర్పడి, లోపలి నుంచి సువాసన మొదలవుతుంది. తొమ్మిది, పది గంటల వేళకు బయటి సన్నరెక్కలు వెనక్కి వాలి, తెల్లని లోపలిరెక్కలు గిన్నెలా విచ్చుకుంటాయి. లోపల వందల కేసరాలు, వాటి మధ్య నుంచి చుక్కలా విచ్చుకున్న కీలాగ్రం. అర్ధరాత్రికి పువ్వు నిండుగా ఉంటుంది, తెల్లవారేసరికి మెడ వాలిపోతుంది. రాత్రి తిరిగే పొడవు నాలుక చిమ్మటల కోసం ఏర్పడిన పువ్వు గనుక దానికి పగటితో పని లేదు. పొలాల్లో సాగవుతున్న డ్రాగన్ ఫ్రూట్ కూడా దీని బంధువే, దాని పువ్వుదీ ఇదే తీరు.

అరకు వాతావరణం బ్రహ్మకమలానికి బాగా నప్పుతుంది. కావలసింది బెరడులాంటి మట్టి. సిల్వర్ ఓక్ చెట్ల కింద మాగిన ఆకుమట్టి, కొబ్బరి డొక్కు ముక్కలు, బొగ్గు, కొంచెం మాగిన పశువుల ఎరువు కలిపితే సరిపోతుంది. జానెడు పట్టీని కోసి వారం ఆరబెట్టి నిలువుగా గుచ్చాలి. పూతకు రెండు మూడేళ్లు పడుతుంది. కుండీ ఇరుకుగా, వేర్లు నిండి ఉన్నప్పుడే బాగా పూస్తుంది, తరచూ పెద్ద కుండీకి మార్చితే పట్టీలే పెరుగుతాయి. నత్రజని ఎక్కువగా ఉన్న ఎరువు వేసినా అంతే.

క్రిస్మస్ కాక్టస్ కూడా చెట్టెక్కి బతికే మొక్కే. ఆగ్నేయ బ్రెజిల్ తీరపర్వతాల మబ్బు అడవులు దీని పుట్టిల్లు. ఎత్తు, తేమ, చల్లని రాత్రులు, వీటన్నిటిలో అరకు ఆ కొండలకు చాలా దగ్గర. గులాబీ, ఎరుపు, తెలుపు పూలు గొలుసుకట్టు పట్టీల చివర వేలాడతాయి. రాత్రులు పొడవై, చల్లబడినప్పుడే మొగ్గ పడుతుంది. మొగ్గ వచ్చాక కుండీని చోటు మార్చినా, తిప్పిపెట్టినా మొగ్గలు రాలిపోతాయి. ఈ ఒక్క నియమం తెలియక చాలామంది నర్సరీవాళ్లను తప్పుపడుతుంటారు.

లోయలో వలిసె పూలు పసుపు పరిచే నవంబరు, డిసెంబరు నెలలే కలాంచో మొగ్గకూ కాలం. రణపాలకు చెల్లెలనదగ్గ ఈ మొక్క కూడా మడగాస్కర్ కొండలదే. జర్మనీలోని పోట్స్‌డామ్ నర్సరీ యజమాని రాబర్ట్ బ్లాస్‌ఫెల్డ్ 1932లో దీన్ని పూలబజారుకు తెచ్చాడు. పగలు చిన్నదై, చీకటి పొడవైతేనే ఇది పూస్తుంది. డిసెంబరులో ఇక్కడ రాత్రి సుమారు 13 గంటలు ఉంటుంది గనుక ఆరుబయట తనంతట తానే మొగ్గ వేస్తుంది. అదే కుండీని రాత్రి పది దాకా ట్యూబ్‌లైటు వెలిగే హాల్లో పెడితే మొక్క దృష్టిలో ఇంకా వేసవే, ఆకులు తప్ప మరేమీ రావు. పెంచేవారు గుర్తుంచుకోవలసిన హెచ్చరిక ఒకటుంది. రణపాల జాతి మొక్కల్లో, ముఖ్యంగా పూలలో, గుండెపై పనిచేసే విషాలున్నాయి. మేకలు, ఆవులు తిరిగే వాకిట్లో వీటిని అందనంత ఎత్తున పెట్టాలి.

వింతపూలంటే ఇష్టపడేవారికి సీరోపీజియాను మించినది లేదు. రాక్స్‌బర్గ్ 1795 సంపుటంలోనే కోరమాండల్ ప్రాంతపు సీరోపీజియాలు నాలుగు ఉన్నాయి. వాటిలో ఆకులు దాదాపు లేని, రసం నిండిన కాడల జన్సియా ఒకటి, నేలలో దుంప పెంచే బల్బోసా ఒకటి. పువ్వు చిన్న గొట్టం. అడుగున ఉబ్బి ఉంటుంది, పైన అయిదు రెక్కలు కొసల దగ్గర కలుసుకుని పంజరంలా కప్పు కడతాయి. వాసనకు వచ్చిన చిన్న ఈగ కప్పు సందుల్లోంచి జారి గొట్టంలో పడుతుంది. గొట్టం లోపలి వెంట్రుకలు కిందికే వాలి ఉంటాయి, ఎక్కి రాలేదు. రాత్రంతా అడుగు గదిలో తిరుగుతూ పరాగపు పొట్లాలను ఒంటికి అంటించుకుంటుంది. మర్నాడు వెంట్రుకలు వాడిపోయి దారి విడుస్తాయి, ఈగ ఇంకో పువ్వుకు పోతుంది. దానికి ఏ హానీ జరగదు. దక్షిణాఫ్రికాకు చెందిన సీరోపీజియా శాండర్‌సోనై గాయపడిన తేనెటీగ వాసనను అనుకరించి, అలాంటి తేనెటీగల రసం తాగే ఈగలను రప్పించుకుంటుందని 2016లో వెలువడిన పరిశోధన చూపింది.

నర్సరీల్లో సులువుగా దొరికేది మన సీరోపీజియాల దక్షిణాఫ్రికా బంధువు, హృదయాకారపు చిన్న ఆకులు దండగుచ్చినట్టు వేలాడే సీరోపీజియా వుడియై. కిటికీ పక్కన వేలాడే కుండీకి ఇది బాగుంటుంది. తీగ మీద అక్కడక్కడా ఏర్పడే గుండ్రని చిరుదుంపలను మట్టికి ఆనిస్తే చాలు, కొత్త మొక్క వస్తుంది. మైనం పూసినట్టుండే పూలగుత్తుల హోయాలదీ సీరోపీజియాల జిల్లేడు కుటుంబమే. పూలు రాలిన తర్వాత మిగిలే పొట్టి కాడను కత్తిరించకూడదు, మళ్లీ గుత్తి అక్కడే వేస్తుంది. గుండె ఆకారపు ఒంటరి ఆకును చిన్న కుండీలో గుచ్చి అమ్మే హోయా కెర్రిని కొనేముందు ఆ ఆకుకు కణుపు ఉందో లేదో చూడాలి. కణుపు లేకపోతే అది ఏళ్ల తరబడి ఆకుగానే ఉండిపోతుంది. స్టెపీలియా నక్షత్రపు పువ్వు చూపులకు బ్రహ్మాండం, వాసనకు భరించలేనిది, పెంపకంలో కుందేటి కొమ్ములకు చెప్పినదే దీనికీ వర్తిస్తుంది. ఇక అడీనియం కావాలనుకునేవారు వానాకాలమంతా దాన్ని చూరు కిందనే ఉంచి, చలికాలంలో ఆకు రాల్చాక నీరు పూర్తిగా ఆపాలి.

చీడల్లో ముఖ్యమైనది పిండినల్లి. కాడల సందుల్లో, మట్టిలో వేర్ల దగ్గర దూదిలా తెల్లగా కనిపిస్తుంది. మొదట్లోనే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయాలి. ఎక్కువైతే వేపనూనెను సబ్బునీటిలో కలిపి, ఎండ తగ్గాక చల్లాలి. కుండీ చుట్టూ చీమలు తిరుగుతుంటే పిండినల్లి ఉన్నట్టే, అది విసర్జించే తీపికోసం చీమలు దాన్ని మోసుకొచ్చి కాపాడతాయి. జెముడు జాతి మొక్కలనూ యుఫోర్బియా మిలీనీ కోసేటప్పుడు పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి, ఒంటికి తగిలినా బొబ్బలెక్కవచ్చు.

మొక్కలు కొనడానికి తెలుగువారికి దగ్గరి పెద్ద చోటు తూర్పు గోదావరి జిల్లా కడియం నర్సరీలు. అక్కడి నుంచి కొండకు తెచ్చిన మొక్కను వెంటనే కుండీ మార్చకుండా, పదిహేను రోజులు నీడపట్టున ఉంచి చలికి అలవాటు చేయాలి. వద్దనుకున్న మొక్కలను కొండవాలులో పారేయకూడదు. రణపాల జాతిలో కొన్ని ఆకు అంచునే పిల్లలను పెట్టి రాల్చుతాయి, ఒక్కసారి అడవి అంచున పడితే ఆపడం కష్టం. అమెరికా నుంచి వచ్చిన నాగజెముడు దక్షిణ భారతంలో ఎంతగా విస్తరించిందంటే, దాన్ని అణచడానికి 1926లో శ్రీలంక నుంచి ప్రత్యేకంగా ఒక పురుగును తెప్పించవలసి వచ్చింది.

సొంత కొండల మొక్కలను పెంచాలనుకునేవారికి విత్తనం మంచి దారి. కుందేటి కొమ్ముల పూలు ఫలించినప్పుడు జంటగా సన్నని కాయలు నిటారుగా లేస్తాయి. కాయ ఎండి పగిలే ముందు దానికి పలుచని గుడ్డ చుట్టాలి, లేకపోతే పట్టుకుచ్చులున్న విత్తనాలు గాలికి ఎగిరిపోతాయి. విత్తనాలను ఎక్కువకాలం నిల్వ ఉంచకుండా, ఇసుక ఎక్కువగా కలిపిన మట్టి మీద చల్లి, పైన పలుచగా ఇసుక జల్లి, నీడలో తేమ ఆరకుండా చూస్తే తాజా విత్తనం కొద్దిరోజుల్లోనే మొలుస్తుంది. మొలకలను మొదటి వానాకాలం పూర్తిగా చూరు కింద ఉంచి, తర్వాతి వేసవిలో విడివిడిగా నాటుకోవాలి.